కొన్నది చదువు, అమ్మడూ

విజయవాడ,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న కట్టను మంచం మీద పరిచి తీశావు. నాలుగు ఇంద్రజాల్ కామిక్స్, రెండు అమర్ చిత్రకథలు, అట్ట ఊడిన చందమామ ఒకటి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. కింద నువ్వడిగిన ప్రశ్న చదివాక మాత్రం కొంచెం దిగులేసింది. "మావయ్యా, వీటికి ఇప్పుడు ఎంత వస్తుంది?" అన్నావు. జవాబు ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. అలా చెబితే నీ సరదా అక్కడితోనే చల్లారిపోతుందేమోనని కాగితం, కలం తీశాను. తీరిగ్గా చదువుకో.

ముందు ఆ డబ్బు సంగతి తేల్చేస్తాను. అమెరికాలో 1938లో 'యాక్షన్ కామిక్స్' అనే పత్రిక మొదటి సంచిక వచ్చింది. సూపర్‌మ్యాన్ లోకానికి మొదటిసారి కనబడింది అందులోనే. అప్పటి ధర పది సెంట్లు. బాగా నిలిచిన ఒక ప్రతి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఎందుకంత అంటే, దాచుకోవలసిన వస్తువని అప్పట్లో ఎవరూ అనుకోలేదు గనక. పిల్లలు చదివి మడిచి జేబులో కుక్కుకునేవాళ్ళు, తల్లులు ఊడ్చి బయట పారేసేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధంలో సర్కారు పాత కాగితం పోగుచేయమంటే బడిపిల్లలు మోపులు మోపులుగా తెచ్చి ఇచ్చారు. మిగిలినవి కొన్నే కాబట్టి ధర. మన దగ్గర యుద్ధం పని లేకుండానే పాత పేపర్లవాడూ, మిరపకాయ బజ్జీల బండీ కలిసి ఆ పని పూర్తిచేశారు.

ఇంతకీ ఆ లక్షల డాలర్ల పుస్తకం ఎలా ఉంటుందో తెలుసా? దాని స్థితికి మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసేస్తారు. 2000 నుంచి అక్కడ అదో పెద్ద వ్యాపారం. పెట్టె తెరిచావా, మార్కులు పోతాయి, ధరా పోతుంది. అంటే దాన్ని కొన్నవాడు అట్ట చూసుకోవాలే గానీ లోపలి పేజీ ఒక్కటీ తిప్పలేడు. వంటింటికి తాళం వేసుకుని వాకిట్లో పస్తు కూర్చున్నట్టు లేదూ? నీ కట్టకి కూడా ఎంతో కొంత వస్తుంది. మంచి గిరాకీ తగిలితే పెట్టిన డబ్బుకి రెండింతలు రావచ్చు, తగలకపోతే పాత పేపర్ల తూకమే. ఆ లెక్క వెయ్యాలనుకుంటే బంగారం కొనుక్కో, దానికి చెద పట్టదు. ఈ పుస్తకాలు మాత్రం చదవడానికే కొను. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతా ఉత్తరమంతా వాటిని ఎలా చదవాలన్నదే.

నీ కట్టలోంచే మొదలుపెడదాం. ఇంద్రజాల్ కామిక్స్‌ని టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో ఫాంటమ్ కథతో మొదలుపెట్టారు. ముందు నెలకొకటి, తర్వాత పదిహేను రోజులకొకటి, ఆఖరికి వారానికొకటి వచ్చి, 1990లో ఆగిపోయింది. మొత్తం మీద ఎనిమిది వందలకు పైగా సంచికలు. మాకు దొరికినవి ఇంగ్లీషువి. నేను చదివింది మున్సిపల్ హైస్కూలు, తెలుగు మీడియం. బొమ్మ చూసి మాట అర్థం ఊహించుకుంటూ చదివేవాణ్ణి. మా ఇంగ్లీషు మాస్టారి బెత్తం నేర్పలేకపోయినదాంట్లో సగం ముసుగుమనిషి ఫాంటమ్ నేర్పాడు.

ఫాంటమ్‌ని సృష్టించినవాడు లీ ఫాక్ అనే అమెరికన్. 1934లో ఇంద్రజాలికుడు మాండ్రేక్‌ని, 1936లో ఫాంటమ్‌ని దినపత్రికల కోసం మొదలుపెట్టి, 1999లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. దినపత్రికల కోసం అన్నది గుర్తు పెట్టుకో, చదివేటప్పుడు పనికొస్తుంది. అవి పుస్తకంగా పుట్టిన కథలు కావు. రోజుకి మూడు నాలుగు గళ్ళ చొప్పున పేపర్లో వచ్చినవాటిని కత్తిరించి, పేజీకి సరిపడా అతికించి ఇంద్రజాల్ వేసింది. అందుకే ప్రతి మూడో గడిలోనో నాలుగో గడిలోనో ఒక చిన్న కొక్కెం ఉంటుంది. తలుపు చప్పుడవుతుంది, లేదా ఎవరో వెనక్కి తిరిగి "నువ్వా!" అంటారు. ఆ రోజు పేపరు అక్కడ అయిపోయిందన్నమాట. మర్నాటి మొదటి గడి నిన్నటి సంగతిని ఒక్క వాక్యంలో గుర్తుచేస్తుంది. ఒకసారి పెన్సిలు లేకుండా, కంటితోనే ఆ అతుకులు వెతుకుతూ చదివి చూడు. ముప్ఫై రెండు పేజీల కథలో నెలల తరబడి పొద్దుటి పేపర్లు కనిపిస్తాయి.

బొమ్మ గీసిన చెయ్యి కూడా చూడు. విల్సన్ మెకాయ్ గీసిన పాత కథల్లో గీత బొద్దుగా, పిల్లల బొమ్మలా ఉంటుంది. 1961 నుంచి సై బ్యారీ వచ్చాక అడవిలో నీడలు దిగాయి, మనుషుల ముఖాల్లో ఎముక కనపడింది. మా స్నేహితుల్లో బ్యారీ పక్షంవాళ్ళే ఎక్కువ. నా ఓటు కూడా అటే గానీ, మెకాయ్ కథల్లో ఉండే అమాయకత్వం బ్యారీ దగ్గర దొరకదని వయసు మీదపడ్డాక తెలిసింది. ఇక పైనున్న అట్టబొమ్మ వీళ్ళిద్దరిదీ కాదు. అట్టలు ఇక్కడే మనవాళ్ళు వేసేవాళ్ళు. తొలి సంచికల అట్టలు గోవింద్ అనే చిత్రకారుడివి. రంగులు పులిమి, క్యాలెండరు బొమ్మలాగా, లోపలి కథకంటే రెట్టింపు ఆవేశంతో ఉంటాయి. అట్ట మీదున్నంత పోరాటం లోపల ఉండదని మాకు తెలుసు. అయినా ప్రతిసారీ ఆ అట్ట చూసే కొనేవాళ్ళం.

ఇంకో సరదా ఉంది. ఫాంటమ్ కథల్లో అడవి ఉన్న దేశం పేరు అసలు కథల్లో 'బెంగాలీ' అని ఉండేది. ఇక్కడ ఆ పేరుతో ఎలా అమ్ముతారు? 'డెంకాలీ' చేశారు. సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా 'సింగా' అయింది. ఫాంటమ్ తండ్రిని చంపిన దుర్మార్గుడు రామా కాస్తా 'రామాలు' అయ్యాడు. ఒక్కో అక్షరం మార్చడం వెనక ఎవరో బొంబాయి ఆఫీసులో కూచుని, ఏది రాస్తే ఎవరికి కోపం వస్తుందో ఆలోచించాడు. ఆ ఆలోచన కొత్త పునర్ముద్రణల్లో నీకు దొరకదు. పాత ప్రతిలోనే దొరుకుతుంది.

ఒక తెల్ల దొర అడవిలో పుర్రె సింహాసనం మీద కూచుని, నల్లవాళ్ళందరికీ న్యాయం చెప్పడం ఏమిటని నువ్వడుగుతావు. అడగాలి కూడా. పన్నెండేళ్ళప్పుడు నాకు ఆ ప్రశ్న రాలేదు. ఇప్పుడు వస్తోంది. ప్రశ్న వచ్చిందని పుస్తకం మూసెయ్యనక్కర్లేదు. ఆ రోజుల్లో లోకం ఎవరిని రాజుగా ఊహించుకుందో, ఆ ఊహని విజయవాడలో చెమటలు కక్కుతూ మేమూ ఎందుకు ఇష్టపడ్డామో దాంట్లోనే రాసి ఉంది. మన హీరో మనకి కావాలని ఇంద్రజాల్ వాళ్ళకీ అనిపించినట్టుంది, 1976లో బహదూర్‌ని తెచ్చారు. ఆబిద్ సూర్తీ రచన, గోవింద్ బ్రహ్మణియా బొమ్మలు. పోలీసు కాల్పుల్లో చచ్చిపోయిన బందిపోటు కొడుకు, ఆ పోలీసు అధికారి పెంపకంలోనే పెరిగి, బందిపోట్ల మీద ఊరివాళ్ళని కూడగడతాడు. కాషాయం కుర్తా, కింద జీన్స్ ప్యాంటు. ఆ వేషం 1976 నాటి హిందుస్థానానికి ఫోటోలాగా సరిపోతుంది. దొరికితే వదలకు. ఫాంటమ్‌కి ఉన్న గిరాకీ దానికి లేదు గనక ధర కూడా అందుబాటులో ఉంటుంది.

ఇంద్రజాల్ వరస పూర్తిచెయ్యాలనే పిచ్చి పడితే ఒక మాట చెప్పి వదిలేస్తాను. 123, 124 సంఖ్యల కోసం వెతుకుతూ కూచోకు. అప్పట్లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో సమ్మె జరిగి ఆ రెండూ అచ్చే కాలేదు. 1980ల్లో వరస సంఖ్య మానేసి సంపుటం, సంచిక అంకెలకి మారారు కాబట్టి ఆ తర్వాతివి లెక్కపెట్టుకోవడం కొంచెం తికమక. నా మటుకు నేను వరసలు పూర్తిచేసే జాతి కాదు. సంఖ్య కోసం కొన్న పుస్తకం చదవబుద్ధి కాదు నాకు.

అమర్ చిత్రకథకి వద్దాం. దాన్ని మొదలుపెట్టిన అనంత్ పై ముందు టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఇంద్రజాల్ పని చూసినవాడే. ఢిల్లీ టీవీలో ఒక క్విజ్ చూశాడట. గ్రీకు దేవుళ్ళ పేర్లు టకటకా చెప్పిన పిల్లలు, రాముడి తల్లి ఎవరంటే నోరెళ్ళబెట్టారు. 1967లో ఇండియా బుక్ హౌస్ తరఫున అమర్ చిత్రకథ మొదలైంది. దాని వరసలో కృష్ణుడి పుస్తకం సంఖ్య 11. మొదటి పది ఏవీ అని తెగ వెతికేవాళ్ళని చూశాను. అవి సిండ్రెల్లా లాంటి పాశ్చాత్య కథలు, కన్నడంలో వచ్చాయి. మన పురాణం మొదలైంది పదకొండు నుంచే. ఆ కృష్ణుడి బొమ్మలు వేసిన రామ్ వాయీర్కరే తర్వాత పిల్లల పత్రిక టింకిల్‌లో సుప్పండి అనే వెర్రిబాగులవాణ్ణి గీశాడు. అదే చెయ్యి కాళీయుడి పడగల మీద కృష్ణుణ్ణి ఆడించి, సుప్పండి చేత చెయ్యకూడని పనులన్నీ చేయించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే భలే ఉంటుంది.

నీ దగ్గరున్న రెంటిలో ఒకటి పాత ముద్రణ లాగే ఉంది, ఫోటోలోనే రంగు చెబుతోంది. తొలి సంచికల్లో కొన్నిటికి పసుపు, నీలం, ఆకుపచ్చ తప్ప రంగులుండేవి కావు. తర్వాత అన్ని రంగులూ వచ్చాయి గానీ, అవీ దగ్గరగా చూస్తే చుక్కలే. ఒక రంగు పలక అర నూలువాసి జరిగితే సీత పెదవి ఎరుపు చెంప మీదికి వచ్చేస్తుంది. ఇప్పటి ముద్రణల్లో కంప్యూటరు మీద రంగులు వేసి నునుపు చేశారు. పిల్లలకి అవే బావుంటాయేమో. నాకు మాత్రం ఆ నునుపు కన్నా జరిగిన ఎరుపే ఇష్టం.

ఇక్కడా ఒక ప్రశ్న అడుగుతూ చదువు. దేవుడూ, రాజకుమారుడూ చాలామటుకు తెల్లగానే ఎందుకున్నారు? రాక్షసుడి ఒంటికి ఆ ముదురు రంగు ఎవరు పూశారు? మన కళ్ళకి ఈ రంగుల పట్టింపు ఎక్కించినవాటిలో ఈ పుస్తకాలు కూడా ఉన్నాయి. మీ అమ్మమ్మ చెప్పిన భాగవతంలో లేని నునుపూ కొలతా ఈ బొమ్మల్లో ఉన్నాయి. అయినా నలభై రెండు పుస్తకాల మహాభారతం దొరికితే నేను ఇప్పటికీ అన్నం మానేసి చదువుతాను. రెండూ నిజాలే.

చందమామ దగ్గరికి వచ్చేసరికి నాకు కలం ఆగదు. అది కామిక్ కాదంటావు. గళ్ళు లేవు, మాటల బుడగలు లేవు. సరే కాదు. కానీ బొమ్మ చూసి కథ చదవడం అనే అలవాటు తెలుగు పిల్లలకి అంటించింది అదే. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిమీదుగా నడిచింది. పేజీలో బొమ్మ ఏ మూల ఉండాలో, దాని చుట్టూ అక్షరాలు ఎలా సర్దుకోవాలో ఆ ప్రెస్సులో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. భాష ఏదైనా బొమ్మ అదే. అందుకే ఒరియా చందమామ దొరికినా, మరాఠీ చాందోబా దొరికినా కొనెయ్. అక్షరం రాకపోయినా కథ నీకు తెలిసిపోతుంది. ఒకే బొమ్మ పక్కన రెండు లిపులు సర్దుకున్న తీరు చూస్తే, పేజీ కట్టేవాడి పని ఎంత కష్టమో అర్థమవుతుంది.

నీ చందమామకి అట్ట లేదన్నావు. పాపం, పోయింది వడ్డాది పాపయ్యగారిదేమో. కశింకోటలో కూచుని ఆయన వేసి పంపిన ముఖచిత్రాల్లో రంగు గాలిలో తేలుతున్నట్టుంటుంది, మూల చిన్న 'వ.పా.' ఉంటుంది. లోపల బేతాళ కథ ఉందా చూడు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌గారిది. ఆయన తొంభై ఏళ్ళు దాటాక 2020లో పోయారు. రాక్షసులూ, మాంత్రికులూ, కోటలూ ఉన్న సీరియల్ ఉంటే దానికి బొమ్మలు చాలామటుకు చిత్ర అనే చిత్రకారుడు వేసినవి. కథ రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. కింద పేరు ఉండదు. తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం అని మేం వెర్రెత్తిపోయిన సీరియళ్ళన్నీ ఒకాయన రాసినవని మాలో చాలామందికి పెద్దయ్యాక గానీ తెలియలేదు. చివరి పేజీల్లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉంటుంది. రెండు ఫోటోలకి జత కుదిరే వ్యాఖ్యలు రాసి పంపాలి. గెలిచినవాళ్ళ ఊళ్ళు చదువు. ఏ మారుమూల ఊరికి చందమామ చేరేదో ఆ జాబితాలో తెలుస్తుంది.

ఇలాంటి పేజీలే పాత పుస్తకంలో అసలు రుచి. కథ ఎలాగూ మళ్ళీ అచ్చవుతుంది, ప్రకటనలు అవ్వవు. రస్నా కొంటే ఎన్ని గ్లాసులొస్తాయో, పాపిన్స్ బిళ్ళలతో రామ్, శ్యామ్ అనే కుర్రాళ్ళు దొంగల్ని ఎలా పట్టారో, ఏ సైకిలు ఎంత గట్టిదో ఆ పేజీలు చెబుతాయి. అప్పటి మధ్యతరగతి పిల్లాడికి ఏమి కావాలనిపించేదో, అందులో ఏది వాళ్ళ నాన్న కొనిచ్చి ఉండడో నువ్వే లెక్క కట్టుకోవచ్చు. తర్వాత చేతిరాతలు చూడు. లోపలి అట్ట మీద పేరు, తరగతి, సెక్షను, కింద "ఈ పుస్తకం దొంగిలించినవాడు పాపానికి పోతాడు" అని శాపం. అద్దె పుస్తకాల షాపు రబ్బరు స్టాంపు, దాని పక్కన తారీకులు. ఒకే వారంలో అయిదు తారీకులుంటే ఆ వీధిలో ఆ పుస్తకానికి ఎంత పోటీ జరిగిందో ఊహించుకో. అమ్మేవాళ్ళు ఇవన్నీ లోపాలంటారు. ధర తగ్గించి అడగడానికి నువ్వూ అలాగే అను. ఇంటికి తెచ్చాక మాత్రం రబ్బరు పెట్టి చెరపకు.

కొనేటప్పుడు ఏం చూడాలో కూడా అడిగావు కదా. మొట్టమొదట నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడు. పిన్ను దగ్గర వదులై ఊడే కాగితం నడిమిదే, కథ సరిగ్గా మంచి పట్టులో ఉన్నప్పుడు మాయమయ్యేదీ అదే. తర్వాత పేజీలు లెక్కపెట్టు, మొహమాటపడకు. బండివాడు విసుక్కుంటే విసుక్కోనీ. ధర, తారీకు, ప్రచురణకర్త పేరు ఉన్న చిన్న అక్షరాల వరస చదివితే మొదటి ముద్రణో మళ్ళీ వేసిందో తెలుస్తుంది. అయితే మళ్ళీ వేసిందైతే కొనొద్దని కాదు, మొదటిదాని ధర ఇవ్వొద్దని. 'రేర్' అని చెప్పి అమ్మేవాడి దగ్గర అదే పుస్తకం ఇంకో రెండు ప్రతులు లోపల ఉంటాయి. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళని లోపలి నాలుగు పేజీల ఫోటోలు అడుగు, అట్ట ఒక్కటీ చూసి డబ్బు పంపకు.

ఆబిడ్స్ మంచి చోటే. పొద్దున్నే వెళ్ళు, పదకొండు దాటాక మంచివి మిగలవు. ఇక్కడికొచ్చినప్పుడు ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులకి తీసుకెళతాను. జనవరిలో వస్తే పుస్తకాల పండగ కూడా కలిసొస్తుంది. మా కుర్రతనంలో మద్రాసు వెళ్ళినవాళ్ళందరూ మూర్ మార్కెట్ పేరు చెప్పేవాళ్ళు. అది 1985లో తగలబడిపోయింది. ఎన్ని చందమామలు బూడిదయ్యాయో ఎవరూ లెక్క రాయలేదు.

ఇక దాచడం. ఈ కామిక్స్ అచ్చయింది చవక న్యూస్‌ప్రింట్ మీద. కలపని అలాగే నూరి చేసిన కాగితం అది. కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది, కాగితంలోని ఆమ్లం దాన్ని పెళుసు చేస్తుంది. ఆపలేం, నెమ్మదింపజేయగలం. కిటికీ పక్కన పెట్టకు. గోడకి ఆనించకు, నేలకి దగ్గరగా ఉన్న అరలో అసలే వద్దు, వానాకాలం చెమ్మా చెదలూ ముందు వచ్చేది అక్కడికే. చిరిగిన చోట సెలోటేపు వెయ్యకు. కొన్నేళ్ళకి టేపు ఊడుతుంది, జిగురు మరక మిగులుతుంది. ల్యామినేషన్ మాట ఎత్తావంటే మాట్లాడను. కలరా ఉండలు పుస్తకానికి తగలకుండా గుడ్డలో మూటగట్టి అర మూలన పెట్టు. మా అమ్మ ఎండబెట్టిన వేపాకు పెట్టేది, నేను రెండూ పెడతాను. వెండిరంగులో జర్రున పాకే చిన్న పురుగు కనిపిస్తే వెంటనే అర మొత్తం ఖాళీ చేసి దులుపు. పిన్నులు తుప్పుపట్టి ఉంటే మెల్లిగా విప్పేసి తెల్లదారంతో కుట్టు. దీన్ని సేకరణవాళ్ళు పాపం అంటారు. తుప్పు కాగితాన్ని తినేస్తుంటే చూస్తూ కూచోవడం ఏ పుణ్యమో నాకు తెలీదు. అన్నిటికంటే మించిన మందు, నెలకోసారి బయటికి తీసి చదవడం. చేతులు తిరిగే పుస్తకానికి చెద పట్టే తీరిక ఉండదు.

చదివేటప్పుడు వేలు తడి చేసి తిప్పకు. మీ అమ్మకి ఆ అలవాటుంది, తనకి ఇవ్వకు. ఇంకెవరికైనా ఇవ్వాలా వద్దా అంటే, ఇవ్వు. నా దగ్గర మాండ్రేక్ పుస్తకాలు ఒకప్పుడు ఒక అర నిండా ఉండేవి. కాలేజీ రోజుల్లో తీసుకెళ్ళిన స్నేహితుడు ఇవాళ్టికీ తిరిగి ఇవ్వలేదు. కోపం పూర్తిగా పోలేదు గానీ, వాడూ నేనూ ఎప్పుడు కలిసినా గంటసేపు మాట్లాడుకునేది ఆ మాండ్రేక్ గురించే. పెట్టెలో సీలు వేసి ఉంటే ఆ కబుర్లు ఉండేవి కావు. ఫోన్లో స్కాన్లు చదువుతావని మీ అమ్మ చెప్పింది. దానికీ నేను అడ్డు చెప్పను. కళ్ళకి శ్రమే గానీ, ఏ పుస్తకం కోసం ఆబిడ్స్ దాకా వెళ్ళాలో, ఏది అక్కర్లేదో తేలిపోతుంది.

చివరగా, నువ్వు ఎక్కడా వెతకని ఒక రకం గురించి. కామిక్స్ అనగానే అందరూ విడి పుస్తకాలే చూస్తారు. తెలుగులో బొమ్మల కథలు చాలామటుకు వారపత్రికల్లో, పేజీకొకటో అరపేజీకొకటో వచ్చాయి. పత్రికలు తూకానికి పోయాయి. మిగిలినవి ఎక్కడున్నాయంటే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కుట్టిన బైండ్లలో. వాళ్ళు సీరియల్ పేజీలు చింపి, వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, పైన గోధుమరంగు కాగితం అతికించి పేరు రాసేవాళ్ళు. ఆ సీరియల్ పేజీ వెనకవైపున తరచుగా ఒక కార్టూనో, బొమ్మల కథ ముక్కో ఉండేది. వాళ్ళు దాచింది ముందు పేజీని, మనకి దక్కింది వెనక పేజీ కూడా. పాత పుస్తకాల షాపుల్లో ఈ బైండ్లని ఎవరూ అడగరు గనక కింద అరల్లో పడి ఉంటాయి. తిరగేసి చూడు. నవల నచ్చకపోయినా వెనక పేజీల కోసం కొను.

వాటిలో ముఖ్యంగా బుజ్జాయి గారి బొమ్మలు చూడు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారబ్బాయి, అసలు పేరు సుబ్బరాయశాస్త్రి. 1960ల్లో ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని రంగుల కామిక్‌గా ఇంగ్లీషు పాఠకుల చేత కూడా చదివించారు. తెలుగులో డుంబు అనే బుడతణ్ణి పుట్టించారు. ఫాంటమ్ గురించి రాసేవాళ్ళు వందమంది ఉంటే ఈయన గురించి రాసేవాళ్ళు పదిమంది లేరు. మన ఇళ్ళల్లో ఫాంటమ్‌ని దాచినంత జాగ్రత్తగా డుంబుని దాచకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

కాబట్టి ఒక పని చేసిపెట్టు. వచ్చే ఆదివారం ఆబిడ్స్ వెళ్ళినప్పుడు డుంబు ఉన్న పాత వారపత్రిక గానీ, బైండు గానీ, పంచతంత్రం పేజీలున్న వీక్లీ గానీ కనిపిస్తే బేరం మొదలుపెట్టకముందే నాకు ఫోన్ చెయ్. డబ్బు నేను పంపుతాను. ముందు నువ్వు చదువుకుని, తర్వాత కొరియర్‌లో కాకుండా పండక్కి వచ్చేటప్పుడు చేతిసంచీలో పెట్టుకుని తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య